మూన్‌లైటింగ్ (టెలివిజన్ ధారావాహిక)

'మూన్‌లైటింగ్' అమెరికాలో ఏబీసీ టెలివిజన్ సంస్థ 1985 మార్చి 3 నుంచి 1989 మే 14 వరకు ప్రసారం చేసిన హాస్య ప్రధానమైన డిటెక్టివ్ ధారావాహిక. మొత్తం ఐదు సీజన్లు, 66 ఎపిసోడ్లు. లాస్ ఏంజెలెస్‌లో ఒక చిన్న ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీ, దాన్ని నడిపే ఇద్దరు పొసగని మనుషులు ఇందులో కథావస్తువు. యజమానురాలు మ్యాడీ హేస్‌గా సిబిల్ షెపర్డ్, ఆమె దగ్గర పనిచేసే డిటెక్టివ్ డేవిడ్ ఆడిసన్‌గా బ్రూస్ విల్లిస్ నటించారు. సృష్టికర్త గ్లెన్ గార్డన్ కారన్. హత్యలు, వజ్రాలు, తప్పిపోయిన భర్తలు, అబద్ధాలాడే క్లయింట్లు, అన్నీ ఇందులో ఉన్నాయి. అయినా హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఆత్రంతో ఈ సీరియల్ చూసినవాళ్లు తక్కువ. ఆ ఇద్దరూ ఈ వారం దేనిమీద పోట్లాడుకుంటారో వినాలని మంగళవారం రాత్రి టీవీ ముందు చేరినవాళ్లే ఎక్కువ.

తెలుగు ప్రేక్షకులకు బ్రూస్ విల్లిస్ అనగానే 'డై హార్డ్' గుర్తొస్తుంది. ఆ సినిమా 1988లో వచ్చింది. అప్పటికి మూడేళ్లుగా అమెరికాలో ఆయన ఇంటింటికీ తెలిసిన మనిషి, ఈ సీరియల్ పుణ్యమా అని.

పుట్టుక

కారన్ అంతకుముందు 'రెమింగ్టన్ స్టీల్' అనే డిటెక్టివ్ సీరియల్‌కు తొలిరోజుల్లో రచయితగా పనిచేశాడు. అందులోనూ ఒక ఏజెన్సీ, ఒక మహిళా డిటెక్టివ్, ఆమెకు తగులుకున్న ఒక అందగాడు ఉంటారు. ఏబీసీ వాళ్లు ఆయన్ని అడిగింది కూడా అలాంటిదే: పేరున్న తారతో ఒక డిటెక్టివ్ సీరియల్. నేరపరిశోధన మీద కారన్‌కు పెద్ద ఆసక్తి లేదు. ఆయన రాయాలనుకున్నది ప్రేమకథ. కాబట్టి డిటెక్టివ్ ఆఫీసును అద్దెకు తీసుకుని అందులో ప్రేమకథ పెట్టాడు. సీరియల్ బలమూ, తర్వాత వచ్చిన చిక్కులూ చాలావరకు ఈ తొలి నిర్ణయంలోనే ఉన్నాయి.

రెండు గంటల తొలి చిత్రానికి రాబర్ట్ బట్లర్ దర్శకుడు. కథ ఇలా మొదలవుతుంది. మ్యాడీ ఒకప్పుడు పేరుమోసిన మోడల్. బ్లూ మూన్ అనే షాంపూ ప్రకటనలో ఆమె ముఖం తెలియనివారు లేరు. ఒకరోజు ఆమె లెక్కలు చూసే మనిషి ఉన్న డబ్బంతా ఊడ్చుకుని పారిపోతాడు. మిగిలింది ఇల్లు, పన్ను లెక్కల్లో నష్టం చూపించడానికి కొనిపెట్టిన రెండు మూడు వ్యాపారాలు. వాటిలో ఒకటి డిటెక్టివ్ ఏజెన్సీ. పని లేదు, రాబడి లేదు, జీతాలు మాత్రం పోతున్నాయి. మూసేద్దామని వెళ్తుంది. అక్కడ డేవిడ్ ఎదురవుతాడు. గలగలా మాట్లాడుతూ, నవ్విస్తూ, విసిగిస్తూ, ఆమె వెంటపడి మరీ ఏజెన్సీని మూయొద్దని నచ్చజెబుతాడు. అంతలో చావుబతుకుల్లో ఉన్న ఒకడు ఆమె చేతికి ఒక గడియారం తొడుగుతాడు. దాని వెనుక వజ్రాలు, వజ్రాల వెనుక దుండగులు. చివరికి ఆ ఇద్దరూ లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున ఉన్న ఈస్టర్న్ కొలంబియా భవనం మీది పెద్ద గడియారం దగ్గర ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వేలాడతారు. అప్పుడూ వాదన ఆపరు. ఏజెన్సీకి షాంపూ పేరే పెట్టి, బ్లూ మూన్ డిటెక్టివ్ ఏజెన్సీగా మళ్లీ తెరుస్తారు.

సిబిల్ షెపర్డ్ ఎంపికలో ఇబ్బంది రాలేదు. మెంఫిస్ నుంచి వచ్చిన ఆమె నిజజీవితంలోనూ మోడలే. 'ద లాస్ట్ పిక్చర్ షో' (1971), 'ట్యాక్సీ డ్రైవర్' (1976) సినిమాలతో పేరు తెచ్చుకుంది. 80ల నాటికి ఆ వెలుగు కాస్త తగ్గింది. ఒకనాటి వైభవం చేజారిన మ్యాడీ పాత్ర ఆమెకు అతికినట్టు సరిపోవడానికి అదీ ఒక కారణం. స్క్రిప్టు చదవగానే ఇది 30ల నాటి హోవర్డ్ హాక్స్ హాస్యచిత్రాల ధోరణి అని పోల్చుకున్నది ఆమే. షూటింగుకు ముందు కారన్, షెపర్డ్, విల్లిస్ ముగ్గురూ కూర్చుని హాక్స్ తీసిన 'ట్వంటీయత్ సెంచరీ', 'బ్రింగింగ్ అప్ బేబీ', 'హిజ్ గర్ల్ ఫ్రైడే' చూశారు.

డేవిడ్ దొరకడమే కష్టమైంది. ఎంతోమందిని చూశాక వచ్చాడు విల్లిస్. న్యూయార్క్‌లో బార్‌టెండర్‌గా పనిచేస్తూ నాటకాల్లో వేషాలు వేస్తున్న కుర్రాడు. కథానాయకుడి పోలికలు లేవు, పేరు అంతకన్నా లేదు. ఛానల్ పెద్దలు వద్దన్నారు. షెపర్డ్ లాంటి స్త్రీ ఇలాంటివాణ్ణి ఇష్టపడుతుందంటే ఎవరు నమ్ముతారన్నది వాళ్ల సందేహం. కారన్ పట్టు వదల్లేదు. ఆయన పట్టుదలే గెలిచింది. ఆ 'ఎవరు నమ్ముతారు' అన్న ప్రశ్నలోనే ఐదు సీజన్లకు సరిపడా కథ ఉందని ఆయన గ్రహించడం ఈ సీరియల్ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన పని.

ఆఫీసు మనుషులు

బ్లూ మూన్ ఆఫీసు సెంచరీ సిటీలోని ఒక ఆకాశహర్మ్యంలో ఉన్నట్టు చూపిస్తారు. లోపల బల్లల ముందు ఒక పటాలమంత మంది గుమాస్తాలు కూర్చుంటారు. వాళ్లకు పనేమిటో ఎప్పటికీ తెలియదు. వాళ్లందరికీ ముందు రిసెప్షనిస్టు ఆగ్నెస్ డిపెస్టో ఉంటుంది. ఆలిస్ బీస్లీ వేసిన ఈ పాత్ర ఫోన్ మోగితే మామూలుగా పలకదు. ఏజెన్సీ చేసిపెట్టే పనులన్నిటినీ అంత్యప్రాసలతో, సన్నని గొంతుతో, ఊపిరి తీసుకోకుండా చదివి ఆ తర్వాతే ఎవరు మాట్లాడుతున్నారని అడుగుతుంది. మూడో సీజన్‌లో ఆమెకు జోడీగా హెర్బర్ట్ వయోలా వచ్చాడు. నటుడు కర్టిస్ ఆర్మ్‌స్ట్రాంగ్. తాత్కాలిక గుమాస్తాగా చేరి డిటెక్టివ్ కావాలని కలలుకనే మనిషి. పైవాళ్లిద్దరూ ఐదు సీజన్లపాటు తేల్చుకోలేని వ్యవహారాన్ని కిందివాళ్లిద్దరూ నెమ్మదిగా, ముచ్చటగా పెళ్లిదాకా నడిపించారు.

మాటల పోరు

మ్యాడీ క్రమశిక్షణ మనిషి. వేళకు రావాలి, లెక్క తేలాలి, మాటకు అర్థం ఉండాలి. డేవిడ్‌కు ఆఫీసంటే సందడి. పాట పాడతాడు, లింబో ఆడిస్తాడు, ప్రశ్నకు ప్రశ్నతోనే జవాబిస్తాడు. ఒక కేసు వస్తుంది. ఆ కేసులో ఒక నీతి ప్రశ్న ఉంటుంది: భార్య అబద్ధమాడితే భర్తకు చెప్పాలా, చావాలనుకునేవాణ్ణి ఆపే హక్కు ఇంకొకరికి ఉందా, మగవాళ్లు ఆడవాళ్లకన్నా ఎక్కువ మోసం చేస్తారా. ఇక మొదలు. ఆఫీసులో, లిఫ్టులో, కారులో, దుండగుడు తుపాకీ గురిపెట్టిన చోట కూడా అదే వాదన. ఒకరి మాట పూర్తికాకముందే రెండోవారు అందుకుంటారు. ఇద్దరి మాటలూ ఒకదానిమీద ఒకటి పడతాయి, అయినా రెండూ వినిపిస్తాయి. చివర్లో దభీమని ఎవరి గది తలుపు వాళ్లు వేసుకుంటారు. ఆ తలుపుల చప్పుడు కూడా ఈ సీరియల్‌లో ఒక సంభాషణే.

ఇంత వేగంగా మాట్లాడితే కాగితం చాలదు. గంట నిడివి సీరియల్‌కు ఆ రోజుల్లో మామూలుగా 60 పేజీల స్క్రిప్టు సరిపోయేది. దీనికి దాదాపు రెట్టింపు పట్టేది. ప్రతి స్క్రిప్టునూ కారన్ తన చేత్తో తిరగరాసేవాడు. కొన్నిసార్లు ఆ రోజు తీయాల్సిన సన్నివేశం ఆ రోజే నటుల చేతికొచ్చేది. షెపర్డ్, విల్లిస్ అంత పొడవు సంభాషణలను అప్పటికప్పుడు కంఠతా పట్టి, తాళం తప్పకుండా చెప్పేవాళ్లు. ఈ శ్రమను ఈ సీరియల్ మీద వచ్చిన పొగడ్తల్లో తగినంత గుర్తించలేదనిపిస్తుంది. తెరమీద చులాగ్గా కనిపించే ఆ మాటలాట వెనక ఉన్నది ఒళ్లు హూనమయ్యే పని.

తెర దాటి మాట్లాడటం

పాత్రలకు తాము టీవీ సీరియల్‌లో ఉన్నామని తెలుసు. కథ మధ్యలో కెమెరా వైపు తిరిగి ప్రేక్షకులతో మాట్లాడతారు, రచయితల మీద ఫిర్యాదు చేస్తారు. ఎపిసోడ్ నిడివి తగ్గితే ఇద్దరూ ముందుకొచ్చి, ఈ వారం మేం త్వరగా మాట్లాడేశాం, ఖాళీ నింపాలి అన్న ధోరణిలో కబుర్లు చెబుతారు. రెండో సీజన్ చివరి ఎపిసోడ్‌లో నేరస్థుణ్ణి తరుముతూ సెట్ దాటి స్టూడియోలోకి వెళ్లిపోతారు. అక్కడ సెట్ విప్పేస్తున్న పనివాళ్లు కనిపిస్తారు. ఎపిసోడ్లు ఆలస్యమవుతున్నాయని జనం విసుక్కుంటుంటే, 1987 జనవరిలో ఒక ఎపిసోడ్ మొత్తాన్ని ఆ సంగతి మీదే తీశారు. సినీ కబుర్ల విలేకరి రోనా బారెట్ స్వయంగా వచ్చి, కొత్త ఎపిసోడ్లు ఎందుకు రావడం లేదో ఆరా తీస్తుంది.

రెండు కలలు, ఒక షేక్‌స్పియర్

1985 అక్టోబర్ 15న ప్రసారమైన 'ద డ్రీమ్ సీక్వెన్స్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్' టెలివిజన్ చరిత్రలో నిలిచిపోయిన ఎపిసోడ్. పాతబడిన ఒక నైట్‌క్లబ్‌లో 40లలో జరిగిన హత్య గురించి మ్యాడీ, డేవిడ్ వింటారు. అక్కడ పాడే ఒక గాయని, ఆమె ప్రియుడైన వాద్యకారుడు కలిసి ఆమె భర్తను చంపారు. తప్పు నాది కాదంటే నాది కాదని చివరిదాకా ఒకరిమీద ఒకరు చెప్పుకున్నారు. ఆడదే వలలో వేసుకుందంటాడు డేవిడ్. మగవాడే చెడగొట్టాడంటుంది మ్యాడీ. పోట్లాడుకుని ఎవరిళ్లకు వాళ్లు పోయి నిద్రపోతారు. ఇద్దరికీ అదే హత్య కలలోకి వస్తుంది. ఆమె కలలో గాయని అమాయకురాలు, అతని కలలో మాయలాడి.

రెండు కలలనూ నలుపు తెలుపుల్లో తీశారు. రంగుల్లో తీసి తర్వాత రంగు తీసేయడం సులువే. కానీ కారన్ బృందం అసలైన నలుపు తెలుపు ఫిల్మ్ మీదే తీసింది. రంగుల ఫిల్మ్ మీద తీస్తే ఛానల్ వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు రంగుల్లోనే వేస్తారన్న భయం ఒకటి. ఛాయాగ్రాహకుడు జెరాల్డ్ ఫినర్‌మన్ పాతకాలపు హాలీవుడ్ దీపాల పద్ధతి ఎరిగినవాడు. మ్యాడీ కలకు ఎంజీఎం సినిమాల్లోని మెత్తని, మెరిసే వెలుగు పెట్టాడు. డేవిడ్ కలకు వార్నర్ బ్రదర్స్ నేరచిత్రాల్లోని కరుకు నీడలు పెట్టాడు. ఒకే గది, అవే ముఖాలు, అదే కథ. దీపం మారేసరికి ఎవరు దోషో మారిపోయింది. కథలో ఉన్న తగవునే కెమెరా కూడా ఆడింది. ఈ సీరియల్ మొత్తంలో ఒక్కటే చూడమంటే దీన్నే చెప్పాలి.

ఉన్నట్టుండి రంగు పోతే టీవీ చెడిపోయిందని జనం కంగారుపడతారని ఏబీసీ భయపడింది. ముందే చెప్పడానికి ఒక పెద్దమనిషిని పిలిచారు. ఆయన ప్రసిద్ధ సినీ దర్శకుడు ఆర్సన్ వెల్స్. చిన్న ముందుమాట చిత్రీకరించి వెళ్లిన వెల్స్ అక్టోబర్ 10న మరణించాడు. ఎపిసోడ్ ప్రసారమైంది ఆ తర్వాత ఐదు రోజులకు.

మరుసటి ఏడాది 1986 నవంబర్ 18న 'బిగ్ మ్యాన్ ఆన్ మల్బరీ స్ట్రీట్' వచ్చింది. అందులో ఒక పొడవైన నృత్య సన్నివేశం ఉంది. దానికి దర్శకుడు 'సింగిన్ ఇన్ ద రెయిన్' తీసిన ఇద్దరు దర్శకుల్లో ఒకరైన స్టాన్లీ డోనెన్. వారం తిరగ్గానే నవంబర్ 25న 'అటామిక్ షేక్‌స్పియర్'. ఒక కుర్రాడు మూన్‌లైటింగ్ చూస్తానంటాడు. తల్లి వద్దని, వెళ్లి షేక్‌స్పియర్ చదువుకోమంటుంది. వాడు పుస్తకం తెరిస్తే 'టేమింగ్ ఆఫ్ ద ష్రూ' నాటకంలో మ్యాడీ, డేవిడ్ కనిపిస్తారు. రాన్ ఓస్‌బోర్న్, జెఫ్ రీనో రాసిన ఈ ఎపిసోడ్ సంభాషణలు షేక్‌స్పియర్ వాడిన అయాంబిక్ పెంటామీటర్ ఛందస్సులో నడుస్తాయి. పాత నాటకంలో భర్త భార్య పొగరు అణిచి గెలుస్తాడు. ఇక్కడ రచయితలు ముగింపు మార్చారు. సూర్యుణ్ణి చంద్రుడని చెప్పమంటే నాటక నాయిక కేట్ వేషంలోని మ్యాడీ ఒప్పుకోదు. చివరికి తగ్గి, తన తప్పు తెలుసుకునేది భర్తే. నవ్వుల మధ్య జరిగిన ఈ చిన్న సవరణలో ఎంతో విమర్శ ఉంది.

హాస్యమా, గంభీరమా

ఈ సీరియల్‌ను ఏ గంపలో వేయాలో బహుమతులిచ్చే సంస్థలకే పాలుపోలేదు. 1985 పనికి గాను అమెరికా దర్శకుల సంఘం దీన్ని డ్రామా విభాగంలోనూ, కామెడీ విభాగంలోనూ నామినేట్ చేసింది. ఒకే ఏడాది ఒకే సీరియల్ రెండు విభాగాల్లో నిలవడం ఆ సంఘం చరిత్రలో అదే మొదటిసారి. 1986లో ఏకంగా 16 ఎమ్మీ నామినేషన్లు వచ్చాయి. దక్కింది ఎడిటింగ్‌కు ఒక్కటే. మరుసటి ఏడాది విల్లిస్‌కు డ్రామా విభాగంలో ఉత్తమ నటుడి ఎమ్మీ వచ్చింది. అదే పాత్రకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది మాత్రం కామెడీ విభాగంలో. షెపర్డ్‌కూ గోల్డెన్ గ్లోబ్ రెండుసార్లు దక్కింది. ఆల్ జారో పాడిన శీర్షిక గీతం 1987లో విడిగా విడుదలై బిల్‌బోర్డ్ పట్టికల్లోకి ఎక్కింది.

క్షీణించిన తీరు

1987 మార్చి 31న 'ఐ యామ్ క్యూరియస్, మ్యాడీ' అనే ఎపిసోడ్‌లో మ్యాడీ, డేవిడ్ తగవు ముదిరి కొట్టుకునేదాకా వచ్చి, పడకటింట్లో ముగుస్తుంది. అమెరికా అంతా కాచుకుని చూసిన ఎపిసోడ్ అది. ఆ సీజన్‌కు మూన్‌లైటింగ్ దేశంలోనే మొదటి పది కార్యక్రమాల్లో ఉంది. రెండేళ్లు తిరిగేసరికి మూతపడింది. అందుకే హాలీవుడ్‌లో ఒక సామెతలాంటి నమ్మకం ఏర్పడింది: పోట్లాడుకునే జంటను కలిపితే సీరియల్ పని అయిపోయినట్టే. దానికి 'మూన్‌లైటింగ్ శాపం' అని పేరు కూడా పెట్టారు. ఆ తర్వాత 'బోన్స్', 'కాసిల్' లాంటి సీరియళ్లు తమ జంటలను ఏళ్ల తరబడి కలపకుండా సాగదీయడం వెనక ఈ భయం ఉంది.

జరిగిన సంగతులను వరుసగా పెట్టి చూస్తే ఆ శాపం కథ నిలవదు. కలిసిన తర్వాత వాళ్లిద్దరినీ ప్రేక్షకులు కలిసి చూసిందే తక్కువ. 1987లో షెపర్డ్ కవలలను కడుపున మోస్తోంది. ఎక్కువసేపు నిలబడి పనిచేసే వీలు లేదు. దాంతో మ్యాడీని షికాగోలో తల్లిదండ్రుల దగ్గరికి పంపేశారు. ఆమె సన్నివేశాలు ముందే విడిగా తీసిపెట్టుకున్నారు. ఆ విరామంలోనే విల్లిస్ 'డై హార్డ్' చేశాడు. అదే ఏడాది స్కీయింగ్‌లో అతని కాలర్ ఎముక విరిగింది. నాలుగో సీజన్‌లో ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ ఆమె అక్కడ, అతను ఇక్కడ. కొన్ని వారాలు కథ మొత్తం ఆగ్నెస్, హెర్బర్ట్‌ల మీదే నడిచింది. మాటల పోరు కోసం వచ్చిన ప్రేక్షకులకు ఆ పోరే దొరకలేదు. ఆపైన మ్యాడీ రైల్లో పరిచయమైన ఒక అపరిచితుణ్ణి పెళ్లాడినట్టు రాశారు. ఆ మలుపును ఎవరూ జీర్ణించుకోలేదు.

దానికి తోడు 1988 మార్చి నుంచి ఆగస్టు దాకా రచయితల సమ్మె. సీజన్ ముగింపుకు కోకా-కోలా సంస్థతో కలిసి త్రీడీలో తీయాలనుకున్న ఎపిసోడ్ అటకెక్కింది. ఆలస్యాలు అంతకుముందే మొదలయ్యాయి. మామూలుగా ఏడాదికి 22 ఎపిసోడ్లు రావాల్సిన చోట ఇది 18, 15, 14, 13 అంటూ తగ్గుతూ పోయింది. కొత్త ఎపిసోడ్ రీళ్ల కోసం ఆఫీసులో పడిగాపులు కాస్తున్న అధికారులను చూపిస్తూ ఏబీసీ తానే ప్రకటనలు వేసింది. ఖర్చూ తక్కువేం కాదు. ఎపిసోడ్‌కు దాదాపు 16 లక్షల డాలర్లు, ఆ కాలానికి టీవీలో అత్యధిక వ్యయాల్లో ఒకటి. సెట్ మీద షెపర్డ్‌కూ విల్లిస్‌కూ, షెపర్డ్‌కూ కారన్‌కూ పడకపోవడం పత్రికల్లో నలిగింది. చివరికి సృష్టికర్తే సీరియల్ వదిలి వెళ్లిపోయాడు.

వేళమించి తిరగరాసే పద్ధతి, రెట్టింపు స్క్రిప్టు, ఇద్దరు నటులు లేకుండా అడుగు కదలని కథ. ఇవే మొదటి మూడేళ్లు ఆ సీరియల్‌ను అంత ఎత్తున నిలబెట్టాయి. ఇద్దరిలో ఒకరు సెట్‌కు రాలేని పరిస్థితి వచ్చిన రోజున ఇవే దాన్ని కూలదోశాయి. పాత్రలు ప్రేమలో పడటాన్ని తప్పుపట్టడం, పనిచేసే మనుషుల అలసటను చూడకపోవడమే.

ముగింపు ఎపిసోడ్ 'లూనార్ ఎక్లిప్స్' 1989 మే 14న వచ్చింది. ఆగ్నెస్, హెర్బర్ట్‌ల పెళ్లి అయిపోతుంది. మ్యాడీ, డేవిడ్ ఆఫీసుకు వచ్చేసరికి సామాన్లు మోసుకుపోతున్నారు. సీరియల్ రద్దయిందని తెలుస్తుంది. పరుగెత్తి నిర్మాతను అడిగితే, జనం మీ మీద ప్రేమ పోగొట్టుకున్నారంటాడు. అప్పటికప్పుడు పెళ్లి చేసుకుంటే బతుకుతుందేమోనని చర్చికి పరుగెత్తుతారు. కుదరదు. మధ్యమధ్య పేరు మాత్రమే వినిపిస్తూ వచ్చిన 'ఆన్సెల్మో కేసు' ఎప్పటికీ తేలలేదని చివర్లో తెరమీద అక్షరాలు పడతాయి.

తర్వాత

కారన్ తర్వాతి కాలంలో 'మీడియమ్' వంటి సీరియళ్లు సృష్టించాడు. మూన్‌లైటింగ్‌కు రాసిన కెర్రీ ఎరిన్ 'బేట్స్ మోటెల్', 'ద మార్నింగ్ షో' వంటి వాటికి సారథ్యం వహించింది. విల్లిస్ సినిమా తారగా ఎంత ఎదిగాడో అందరికీ తెలిసిందే. అనారోగ్యం వల్ల 2022లో నటన నుంచి తప్పుకున్నాడు.

మూన్‌లైటింగ్ మాత్రం చాలా ఏళ్లు అందుబాటులో లేకుండా పోయింది. ఎపిసోడ్ల నిండా పేరున్న పాటలు వాడారు. 80లలో ఆ హక్కులు కొన్నప్పుడు ఇంటర్నెట్ ప్రసారం అనే ఊహే లేదు. ప్రతి పాటకూ మళ్లీ ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. 2023 అక్టోబర్ 10న అమెరికాలో హులూ వేదిక మీదికి ఐదు సీజన్లూ వచ్చాయి. కొత్తగా చూసేవారు తొలి చిత్రంతో మొదలుపెట్టి, రెండో సీజన్‌నూ మూడో సీజన్‌నూ వరుసగా చూడటం మంచిది. నాలుగో సీజన్‌లో మ్యాడీ షికాగోలో ఉన్న భాగాన్ని తొందరగా దాటేసినా నష్టం లేదు. 'లూనార్ ఎక్లిప్స్' మాత్రం విడిచిపెట్టకూడదు.